బధిర విద్యార్థుల లిఖితభాష: దానిని కొలుచు పద్ధతులు

పుట్టుకతోనో, మాటలు రాకమునుపు శైశవములోనో వినికిడిని కోల్పోయిన బాలబాలికలు బడిలో చేరి చదువను వ్రాయను నేర్చుకొనునపుడు, వారి వ్రాతలో భాష యెంత, ఏ విధముగ, ఏ క్రమమున పెరుగుచున్నదో తెలిసికొనుటకై ఉపాధ్యాయులును భాషాశాస్త్రజ్ఞులును ఏర్పరచుకొనిన పరీక్షలకు, గణనలకు, పోలికలకు బధిర విద్యార్థుల లిఖితభాషా మూల్యాంకనమని పేరు. వినగల బాలునకు ఐదవయేట పలక చేతికిచ్చునాటికే వేలకొలది మాటలును, వాటిని వాక్యములుగా కూర్చు నేర్పును నోట సిద్ధముగ నుండును. బడిలో అతడు క్రొత్తగా నేర్చునది అక్షరము. బధిర బాలునకు అక్షరమును, అది తెలుపు భాషయు ఒక్కమారే, ఒకే కాగితముపైన ఎదురగును. ఈ రెండు ప్రయాణములను ఒకే కొలబద్దతో కొలుచుట వలన గడచిన నూరేండ్లలో ఎన్నో పొరపాట్లు జరిగినవి. వాటిని దిద్దుటకు పలుదేశములలో జరిగిన కృషి తెలుగునకు ఎంతవరకు అన్వయించునో పరిశీలించుట అవసరము.

చట్టము వినికిడి లోపమును డెసిబెల్లులలో నిర్ణయించును. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, మాటలు వినబడు ధ్వనులలో రెండు చెవులయందును 70 డెసిబెల్లుల నష్టము కలవారు బధిరులు. 60 నుండి 70 వరకు కలవారు మందశ్రవణులు. 2011 జనాభా లెక్కలలో భారతదేశమున వినికిడి లోపము కలవారి సంఖ్య 50 లక్షల 71 వేలు. వైకల్య నిర్ధారణకై ప్రభుత్వము నడపు సదరం శిబిరములో వైద్యుడు వ్రాసియిచ్చు లోపపు శాతము పింఛనునకును రాయితీలకును ఆధారమగును. వ్రాతను పరీక్షించు ఉపాధ్యాయునకు మాత్రము అంతకన్న ముఖ్యముగ తెలియవలసినవి రెండు కలవు: చెవి ఏ వయసున మూతపడినది, అప్పటికి ఆ పిల్లవానిలో ఒక భాష నిలద్రొక్కుకొని యున్నదా లేదా.

ఈ భేదమునకు శ్రీకాకుళ ప్రాంతపు చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణము కలదు. గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, కొండలలోని సవరలతో మెలగి వారి భాషను నేర్చుకొనుచు, ఆ తిరుగుటలలో మన్యపు జ్వరము పాలై, దానికై వాడిన క్వినైను వలన చెముడు సంప్రాప్తింపగా, ఆ బాధను జీవితాంతమును భరించెను. సవర భాషకు ఆయన రచించిన వ్యాకరణ గ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. అవి చెముడు వచ్చిన తరువాతి పంటలే. చెవి మూసుకొనినను ఆయన కలము మందగింపకుండుటకు కారణము, భాష ఆయనలో అంతకుముందే వేరూని యుండుట. వ్రాత సజీవమైన వాడుకకు దగ్గరగా నుండవలెనని ఆయన జీవితమంతయు వాదించెను. మూడేండ్లకు ముందే చెవి పోయిన బిడ్డ విషయమున ఆ సజీవమైన వాడుక యేది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొననిదే ఆ బిడ్డ వ్రాసిన కాగితముపైన మార్కు వేయుట న్యాయము కానేరదు.

శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దునకు చేరువనున్న కంచిలి పరిసరములలో ఈ ప్రశ్న మరింత చిక్కుపడును. సోంపేట పేర వ్యవహరింపబడు రైల్వే స్టేషను నిజమునకు కంచిలిలోనే యున్నది. అక్కడ బండి దిగిన వారికి మొదట వినబడునది తెలుగో ఒడియాయో చెప్పుట కష్టము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగ నేర్పడువరకు ఈ సీమయంతయు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందియుండెను. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడినది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఉద్దానపు గ్రామములలో తెలుగు మాటలాడు ఇండ్లును ఒడియా మాటలాడు ఇండ్లును ఒకే వీధిలో నుండును. మందస, మెళియాపుట్టి కొండలపైన సవర వినబడును. ఒడియా మాధ్యమపు పాఠశాలలును కలవు. ఇట్టిచోట ఒక బధిర బాలికకు తల్లి ఒడియాలో లాలిపాట పాడును, తండ్రి పలాస జీడిపిక్కల బట్టీలో తెలుగు మాటలాడును, పలకపైన తెలుగు అక్షరములు దిద్దింపబడును, ఇంటిలో అన్నము, నీళ్ళు, బయట, నిద్ర మొదలగు వాటికి ఆ కుటుంబమువారే కల్పించుకొనిన సైగలు నడచును. పాఠశాల రిజిస్టరులో మాతృభాష యను గడిలో ఏదో యొకటి వ్రాయబడును. ఆ గడిలోని మాటను నమ్మి పరీక్షను ఎన్నుకొనువారు మొదటి మెట్టుననే తప్పటడుగు వేయుదురు.

కన్ను భాషను ఎంతవరకు అందుకొనగలదు? పెదవుల కదలికను చూచి మాటను గ్రహింపవచ్చునని చిరకాలము నమ్మిరి. అద్దము ముందు నిలిచి ధ్వని లేకుండ పాట, బాట, మాట అను మూడు పదములను పలికి చూచినచో, ప, బ, మ మూడింటికిని పెదవులు ఒకేతీరున కలిసి విడిపోవుట తెలియును. క, గ, హ లు గొంతులోపల పుట్టును గనుక అవి అసలే కనబడవు. వీనికి తోడు తెలుగులో అర్థభారము పెక్కుచోట్ల పదాంతమున నుండును: కు, ని, తో, లో, ఆడు, ఇంది, లేదు. వాక్యము చివర గొంతు తగ్గినపుడు ఈ తునకలు చెవి మిషను పెట్టుకొనిన పిల్లలకు సైతము జారిపోవును. అందువలన మాట మొదలు దక్కి, చివర పోవును.

వర్ణక్రమమునందు ఫలితము వేరు విధముగ నుండును. వినగల పిల్లవాడు చెవిని బట్టి వ్రాయును గనుక ళకు లను, ణకు నను, షకు సను వ్రాసి ఒత్తులు విడుచును. అతని తప్పును పైకి చదివినచో మాట అర్థమగును. బధిర బాలుడు కంటిని బట్టి వ్రాయును గనుక అతనిచేత అక్షరములు తారుమారగును, ప, వ, ష వంటి రూపసామ్యము కలవి ఒకదానిచోట నొకటి వచ్చును. అయినను ళ, ణ వంటి వానిని అతడు పుస్తకములో చూచినట్లే సరిగ వ్రాయుట కలదు. వినగల తోటివాడు బేగి వచ్చినాడనియు, బుట్ట ఒగ్గేసినాడనియు ఉద్దానపు వాడుకను వ్రాతలోనికి తెచ్చి దిద్దుబాటు తినుచుండగా, బధిర విద్యార్థి వ్రాతలో ఆ యాస యేమియు కానరాదు. అతనికి తెలిసిన తెలుగు సర్వమును అచ్చుపుస్తకము నుండి వచ్చినది. ఊరివారి నోటనున్న తెలుగు అతనికి చేరనే లేదు.

ఇక కొలతల చరిత్ర. 1880లో మిలాన్ నగరమున సమావేశమైన బధిరోపాధ్యాయుల మహాసభ, బడులలో సైగలను విడనాడి నోటిమాటనే నేర్పవలెనని తీర్మానించినది. తరువాతి నూరేండ్ల పరీక్షలకు ఆ తీర్మానపు నీడ సోకినది. (2010లో వాంకూవరు నగరమున జరిగిన సభ ఆ తీర్మానమును తిరస్కరించి విచారము వెలిబుచ్చినది.) 1916–17 ప్రాంతమున అమెరికాలో రుడాల్ఫ్ పింట్నర్, డానల్డ్ పేటర్సన్ అనువారు బధిర బాలుర భాషను కొలిచి, భాషపైన ఆధారపడిన బుద్ధిపరీక్షలు వారికి తగవని కనుగొని, మాటలక్కరలేని పరీక్షావళిని రూపొందించిరి. భాష తక్కువగుట వేరు, బుద్ధి తక్కువగుట వేరు అను వివేకము ఈ శాస్త్రమునకు వారిచ్చిన తొలి కానుక. 1940లో ఫ్రిట్జ్ హైడర్, గ్రేస్ హైడర్ దంపతులు పిల్లలకు చిన్న చలనచిత్రమును చూపి, దాని కథను వ్రాయించి, బధిరుల వాక్యములు పొట్టివనియు, ఉపవాక్యములు తక్కువనియు తేల్చిరి. హెల్మర్ మికల్‌బస్ట్ 1965లో ప్రకటించిన చిత్రకథా పరీక్షలో బాలునకు ఒక చిత్రమును చూపి కథ వ్రాయుమందురు; అటుపై మొత్తము మాటలెన్ని, వాక్యములెన్ని, వాక్యమునకు మాటలెన్ని యని ఒక లెక్కయు, వ్యాకరణమునకు ఒక లెక్కయు, భావము మూర్తమా అమూర్తమా యని మరియొక లెక్కయు వేయుదురు. స్టీఫెన్ క్విగ్లీయును సహచరులును 1978లో వెలువరించిన వాక్యనిర్మాణ పరీక్ష నిషేధము, ప్రశ్న, సర్వనామము, సంయోజనము మొదలుగాగల తొమ్మిది నిర్మాణములను విడివిడిగా పరీక్షించును. వ్రాతతో విడదీయరాని చదువు విషయమున, స్టాన్‌ఫర్డ్ పరీక్షా ఫలితములపై 2000లో వెలువడిన ట్రాక్స్‌లర్ నివేదిక, బడి ముగించు వయసునకు వచ్చిన అమెరికా బధిర విద్యార్థులలో నడిమివాని గ్రహణశక్తి సుమారు నాలుగవ తరగతి స్థాయిలో నున్నదని చూపినది. ఈ సంఖ్య లోకమంతట ఉదాహరింపబడి, బధిరుల శక్తికే అది హద్దన్నట్లు చాలమంది తలపోసిరి. అది ఒక బోధనాపద్ధతి ఫలితమునకు కొలత; పిల్లల మెదడునకు కాదు.

సైగలభాష కూడ తనదైన వ్యాకరణము గల భాషయేనని విలియం స్టోకీ 1960లో నిరూపించిన తరువాత దృష్టి మారసాగినది. బధిరుని వ్రాతను ఎదుగని మాతృభాషగా గాక, ద్వితీయభాషగా చూడవలెనను ఆలోచన బలపడినది. స్వీడన్ పార్లమెంటు 1981లో సైగలభాషను బధిరుల భాషగా గుర్తింపగా, 1983 పాఠ్యప్రణాళిక సైగలభాషను, లిఖిత స్వీడిష్‌ను రెండు భాషలుగ నేర్పునట్లు ఏర్పరచినది. అక్కడి విద్యార్థుల రచనలను క్రిస్టర్ షోన్‌స్ట్రోమ్ 2010 నాటి తన పరిశోధనలో పరిశీలించి, వారి స్వీడిష్ వ్యాకరణము పెరుగు క్రమము, అదే భాషను రెండవ భాషగా నేర్చుకొను వినగలవారి క్రమమునకు చేరువగ నున్నదని చూపెను. ఇచట తప్పు అను మాటకే అర్థము మారుచున్నది: మెట్టు దాటనివానికిని, పై మెట్టుపైన కాలుమోపుచు తడబడువానికిని ఒకే ఎఱ్ఱగీత గీయుట పొరపాటగును.

అదే కాలమున ఇతర భాషలనుండి వచ్చిన పరిశీలనలు మరియొక సత్యమును బయటపెట్టినవి. ఇటలీలో ఫబ్బ్రెట్టి, వోల్టెర్రా, పొంటెకోర్వో 1998లో ప్రకటించిన అధ్యయనమున, సైగలభాషయే తొలిభాషగాగల బధిరుల ఇటాలియను వ్రాతలో భావవిన్యాసము నిలుకడగ నుండగా, ఆర్టికిళ్ళు, విభక్త్యర్థక పదములు, క్రియకంటిన చిన్న సర్వనామములు చెదరుట కనబడినది. హీబ్రూ మాటలాడు, వినికిడి లోపము గల పిల్లల భాషను, వ్రాతను తుర్-కాస్పా, ద్రోమి 2001లో పరిశీలించి అచటి వ్యాకరణ స్ఖలనములకు అచటి రూపమును కనుగొనిరి. జపానులో బధిరోపాధ్యాయుల నిత్యచింత నామముల వెంట వచ్చు విభక్తి ప్రత్యయములను గూర్చి. ప్రతిభాషయు కంటితో నేర్చువానికి తన గోతులను తానే త్రవ్వి యుంచును; ఒకభాషలో గోతిని చూపు పరీక్ష మరియొకభాషలో చదునైన నేలను తడుముచుండును. ఆంగ్లమునకు వ్రాసిన పరీక్షను తెలుగులోనికి అనువదించి వాడుట యెందుకు కూడదో దీనివలన తెలియగలదు.

తెలుగు సంగతి కొంత విపులముగ చెప్పవలసి యున్నది. వెళ్ళిపోయాడనుకున్నాను అను ఒక్క తెలుగు పదములోని భావమునకు ఆంగ్లములో ఆరేడు మాటలు కావలెను. వాక్యమునకు మాటలెన్ని యను మికల్‌బస్ట్ లెక్కను ఇచట యథాతథముగ వాడినచో ఏమగునో ఒక రచన ద్వారా చూతము. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువ తీరమును దాటి ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చిన సంగతి ఆ సీమ పిల్లలకు ఎఱుకయే. దానిని గూర్చి వ్రాయుమని అడుగగా ఒక బధిర బాలుడు ఇట్లు వ్రాసెననుకొందము (ఈ వాక్యములు ఉదాహరణకై కూర్చినవి): తుపాను వచ్చు. రాత్రి గాలి పెద్ద. కొబ్బరి చెట్టు అన్నీ పడు. నాన్న తోట చూడు ఏడుపు. నేను నాన్న నీళ్ళు ఇచ్చు. నాన్న తాగు లేదు.

ఇందులో ఆరు వాక్యములు, ఇరువది మాటలు. దీనినే వినగల సహాధ్యాయి ఇట్లు వ్రాయును: తుపాను వచ్చింది. రాత్రి పెద్ద గాలి వీచింది. కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి. నాన్న తోటను చూసి ఏడ్చాడు. నేను నాన్నకు నీళ్ళు ఇచ్చాను. నాన్న తాగలేదు. ఇందులోను వాక్యములు ఆరే. మాటలు మాత్రము పందొమ్మిది. భాష చక్కబడగా మాటల సంఖ్య ఒకటి తగ్గినది! వీచింది అను మాట క్రొత్తగా చేరినను, అన్నీ అనునది చెట్లలో కలిసినది, లేదు అనునది తాగులో కలిసినది. మాటలను లెక్కించు పరీక్షకుడు మొదటి రచనకు ఎక్కువ మార్కు వేయవలసి వచ్చును. తెలుగులో లెక్కింపవలసినవి మాటలలోని అర్థవంతమైన తునకలు. చెట్లన్నీ అను ఒక్కమాటలో చెట్టు, బహువచనము, సాకల్యము అను మూడు తునకలున్నవి. తాగలేదు అనుదానిలో క్రియయు, నిషేధమును, కాలమును ముడిపడియున్నవి.

ఆ రచననే మరికొంత దగ్గరనుండి చూతము. ఆరు వాక్యములలో ఒక్కదానియందును పదక్రమము తప్పలేదు. కర్త ముందు, కర్మ యున్నచో నడుమ, క్రియ యున్నచో చివర. భారతీయ సైగలభాషలోను క్రియ చివరనే వచ్చుట సామాన్యము గనుక ఈ విషయమున తెలుగుబిడ్డకు సైగలు తోడ్పడును. పదక్రమమును పరీక్షించు ప్రశ్నలు ఆంగ్లము వ్రాయువారి లోపమును పట్టుకొనవచ్చును గాని, తెలుగులో అవే ప్రశ్నలు అందరికిని మంచి మార్కులిచ్చి ఉపాధ్యాయుని మోసపుచ్చును. తాగు లేదు అనుటలో నిషేధము క్రియకు వెనుక విడిగా నిలిచినది; సైగలభాషలో దాని చోటు అదే. చూడు ఏడుపు అనుటలో రెండు పనులు వరుసగా నిలిచినవి, వాటిని కట్టు క్త్వార్థకము, అనగా చూసి అను రూపము, లేదు. తెలుగు కథనమంతయు ఈ వచ్చి, చూసి, తిని, పోయి అను గొలుసుపైననే నడచును గనుక, ఆ రూపము ఒక విద్యార్థి వ్రాతలో తొలిసారి కనబడిన దినము అతని చదువులో పెద్ద మలుపు.

అన్నిటికన్న విలువైనది ఐదవ వాక్యము. నేను నాన్న నీళ్ళు ఇచ్చు అనుటలో కు లోపించినదని సులువుగా చెప్పుదుము. సైగలభాషలో ఇచ్చుట అను క్రియ ఇచ్చువాని చోటునుండి పుచ్చుకొనువాని చోటునకు చేయి కదలించుటతో తెలుపబడును. ఎవరు ఎవరికి అను సమాచారము ఆ కదలికలోనే యున్నది, వేరుగ ప్రత్యయ మక్కరలేదు. కాగితముపైన చేయి కదలదు. గాలిలో చోటు చేయు పనిని కాగితముపైన కు అను ఒక్క అక్షరము చేయవలెనని బాలునకు ఎవరైనను సైగలలో విప్పి చెప్పినారా? చెప్పియుండనిచో ఆ లోపము బోధకు చెందును. పరీక్ష దానిని బాలుని ఖాతాలో వ్రాయరాదు. కంచిలి వంటి చోట ఇంకొక మెలిక కలదు. ఒడియాలోను చతుర్థికి కు అను ప్రత్యయమే యున్నది. అయితే మనుష్యవాచకములకు ద్వితీయార్థమునందును అదే వచ్చును. క్రియకు లింగభేదము ఒడియాలో లేదు, తెలుగులో వచ్చాడు, వచ్చింది అను భేదము తప్పదు. ఇంట ఒడియా అక్షరములతో పరిచయమై బడిలో తెలుగు వ్రాయు బాలిక నాన్నని అనవలసినచోట నాన్నకు అని వ్రాసినచో, అది బధిరత్వము వలన వచ్చినదా, పొరుగుభాష వలన వచ్చినదా యని విచారింపనిదే తీర్పు చెప్పరాదు.

తెలుగు పరీక్షలో తప్పక చేర్చవలసిన అంశములు మరికొన్ని కలవు. ఇల్లు ఇంటిలో అగుట, నుయ్యి నూతిలో అగుట, చెయ్యి చేతితో అగుట చిన్నయసూరి బాలవ్యాకరణము ఔపవిభక్తికములని పేర్కొనిన మార్పులు. వినగలవాడు వీనిని మాటలతోపాటే నేర్చును, కంటితో నేర్చువానికి ఇల్లు, ఇంటి అనునవి రెండు వేర్వేరు మాటలుగ కనబడును. నాకు ఆకలి, నాకు తెలుసు అను వాక్యములలో అనుభవించువాడు చతుర్థిలో నుండుటయు, మేము, మనము అనువాని భేదమును, రాడు, రాలేదు, రావద్దు, రాకూడదు అను నిషేధభేదములును, నిన్న వచ్చిన అబ్బాయి యనునట్టి క్రియాజన్య విశేషణమును, ఇతరుల మాటను ముడివేయు అని అను పదమును ఒక్కొక్కటిగ చూడవలెను. ఎడిత్ ఫిట్జెరల్డ్, తాను స్వయముగ బధిరురాలై, 1926లో ఆంగ్ల వాక్యమును గడులుగ విభజించి నేర్పు పద్ధతిని ప్రకటించినది. దానిని తెలుగునకు తెచ్చువారు నామపు గడి ప్రక్కనే ప్రత్యయమునకు వేరు గడి కల్పింపక తప్పదు.

దేశములో బధిరవిద్య 1885 ప్రాంతమున బొంబాయిలోను, 1893లో కలకత్తాలోను స్థాపింపబడిన పాఠశాలలతో మొదలైనది. వినికిడి లోపము విషయమున బోధకులను తయారుచేయు జాతీయసంస్థ 1983లో బొంబాయిలో, హైదరాబాదునకు చెందిన అలీ యావర్ జంగ్ పేర ఏర్పడినది. దాని ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదులో నున్నది. 2015లో ఢిల్లీలో నెలకొల్పబడిన భారతీయ సైగలభాషా పరిశోధన, శిక్షణ కేంద్రము 2018లో 3,000 మాటలతో ప్రకటించిన నిఘంటువు 2021 నాటికి 10,000 మాటలకు పెరిగినది. పాఠ్యపుస్తకములను సైగలభాషలోనికి తెచ్చుటకు 2020లో ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందము జరిగినది. అదే యేట వచ్చిన జాతీయ విద్యావిధానము దేశమంతట సైగలభాషను ప్రమాణీకరింపవలెనని పేర్కొన్నది. ఆంధ్రదేశమున వినికిడి లోపము గలవారికి ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలు కలవు. ఊరి బడిలో చేరినవారికి మండలములందలి భవిత కేంద్రములును, అందలి ప్రత్యేకోపాధ్యాయులును దిక్కు. ఆ ఉపాధ్యాయులు ఒకే గదిలో బుద్ధిమాంద్యము, చూపు లోపము, వినికిడి లోపము గల పిల్లలనందరిని చూచుకొనవలసిన వారు. వారి ఓర్పునకు నమస్కరింపవలెను. వారి చేతికి తగిన కొలమానమును ఇచ్చుట మాత్రము విద్యాశాఖలయు, విశ్వవిద్యాలయములలోని భాషాశాస్త్ర శాఖలయు విధి.

పరీక్షలలో బధిర విద్యార్థులకు భాషల విషయమున మినహాయింపులు కలవు. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి రెండు భాషలకు బదులు ఒకటి చదువుటకు అనుమతించును. ఈ దయ అవసరమైనదే. అయినను మినహాయింపబడిన భాషను ఎవరును నేర్పరు, నేర్పనిదానిని ఎవరును కొలువరు, కొలువనిదాని లోటు ఎవరికిని తెలియదు. పదవ తరగతి గట్టెక్కిన యువకుడు బ్యాంకులో ఖాతా తెరచుటకు దరఖాస్తు వ్రాయలేక తమ్ముని వెంటబెట్టుకొని పోవుట, ఆ గొలుసులో చివరి లంకె. అమెరికా లెక్కల ప్రకారము బధిర శిశువులలో నూటికి తొంబదిమందికి పైగా వినగల తలిదండ్రులకు పుట్టినవారే. కావున అట్టి యిండ్లలో సైగలభాష తెలిసినవారు ఉండుట అరుదు. వ్రాత రాకపోయినచో ఆ యువకునకు తల్లితో సైతము విపులముగ మాటలాడు త్రోవ మూసుకొనును.

కొలుచు పని సక్రమముగ సాగవలెనన్నచో మొదట ఆ బిడ్డ సైగలభాష ఎంతవరకు తెలిసినవాడో చూడవలెను. తుపాను కథను సైగలలో చెప్పించి చిత్రీకరించి, అదే కథను వ్రాయించి, రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టినచో, కథ తెలియకపోవుటయు, తెలిసియు తెలుగు రాకపోవుటయు వేరుపడును. ప్రశ్నను సైగలలో చెప్పవలెను. ప్రశ్నయే అర్థము కానివాని జవాబు దేనికిని కొలత కాదు. ఒక్క వ్యాసముతో తేల్చక, ఉత్తరము, కథ, చేయుపని వివరణ వంటి మూడు నాలుగు విధముల వ్రాతలను వేర్వేరు దినములలో తీసికొనవలెను. జీడిపిక్కను కాల్చి, పగులగొట్టి, పొర తీసి పప్పు వేరుచేయు పనిని పలాస పరిసరముల పిల్లలు నిత్యము చూతురు. వరుసగా జరుగు అట్టి పనిని వర్ణింపుమన్నచో క్త్వార్థకములు వచ్చినవో లేదో తేటపడును. పరీక్షకులిద్దరు విడివిడిగా మార్కులు వేసి పోల్చుకొనుట మంచిది. వారిలో ఒకరు బధిరుడే అయినచో మరింత మంచిది, ఏలయన తాగు లేదు అను మాటలో సైగలభాష నిషేధమును వెంటనే గుర్తుపట్టగలవాడు అతడే. విషయము, కూర్పు, వ్యాకరణము, వర్ణక్రమము వేర్వేరు గడులలో నుండవలెను; పై రచనకు మొదటి రెండు గడులలోను మంచి మార్కులు రావలసినదే, నాన్న తాగలేదని ముగించుటలో ఆ బాలుడు తన తండ్రి దుఃఖమును ఒక్క వాక్యములో నిలిపినాడు గనుక. పోలిక విషయమున, ఆ వయసు వినగలవానితో పోల్చుట కన్న, ఏడాది క్రిందటి తనతో పోల్చుటయు, తెలుగును రెండవ భాషగా నేర్చు ఒడియా, సవర పిల్లల వ్రాతతో పోల్చుటయు ఎక్కువ ఫలప్రదము.

ఇందుకు కావలసిన సామగ్రి స్వల్పము. ప్రతి బధిర విద్యార్థికి ఒక నోటుపుస్తకము. ప్రతి రచనపైన తేదీ. మొదటి పుటలో చెవి పోయిన వయసు, చెవి మిషను లేక కాక్లియర్ ఇంప్లాంటు పెట్టిన వయసు, సైగలభాష ఎదురైన వయసు, ఇంటిలో మాటలాడు భాషలు. ఎఱ్ఱసిరాతో దిద్దుటకు ముందే పుటను ఫోటో తీసియుంచవలెను, దిద్దిన తరువాత తప్పు ఏదో, దిద్దుబాటు ఏదో తెలియకపోవును. తుపాను కథను అదే బాలునిచేత మరుసటి దసరా సెలవులకు ముందు మరల వ్రాయింపవలెను. అప్పటి ఐదవ వాక్యములో నాన్నకు అని యుండి, క్రియ ఇంకను ఇచ్చు అనియే యున్నచో, కాలమును బోధించుట ఎచటినుండి మొదలుపెట్టవలెనో ఉపాధ్యాయునకు ఆ పుటయే చెప్పును.